ఇరవై నాలుగు డిగ్రీల వంతెన

ఉదయం ఎనిమిదీ పదికి ఉమామహేశ్వరి గీదంలోని వంతెనల కంపెనీ ఆఫీసు గదిలోకి అడుగుపెట్టినప్పుడు, అడగాలనుకున్న మొదటి ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఎదురుగా గోడంతా ఒకటే తెర. తెర మీద దక్షిణ బస్తర్ పటం. పటంలో పదమూడు వందల పన్నెండు చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో వంతెన, లేదా ఒక కల్వర్టు. వేలు పెడితే చాలు, అది ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో, ఆఖరిసారి ఎవరు వెళ్లి చూశారో, ఫొటోలతో సహా కళ్ల ముందుకు వస్తుంది. వాటిలో నలభై ఆరు పెద్ద వంతెనలకు బలహీనమైన పిల్లరు మీద ఒక్కో సెన్సారు బిగించారు. ఆ పిల్లరు ఎటు వాలినా, వెంట్రుకవాసి అయినా సరే, అర నిమిషంలో ఈ గోడ మీద తెలిసిపోతుంది.

ఉమామహేశ్వరి కిరందుల్‌లో పుట్టింది. తండ్రి సన్యాసిరావు గనిలో ఇనుపరాయి మోసే బెల్టుకు ముప్పై ఏళ్లు కాపలా కాసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు వానాకాలం వస్తే ఏ దారి ఉందో, ఏ దారి పోయిందో బస్సు డ్రైవరు వెళ్లి తిరిగొస్తే గాని తెలిసేది కాదు. ఇప్పుడు అడవి మొత్తం ఒక గోడ మీద ఊపిరి పీలుస్తోంది. విజిలెన్స్‌లో ఇన్‌స్పెక్టరై పన్నెండేళ్లు గడిచినా ఆమె నిజంగా నోరు తెరిచి చూసింది.

"ఇదంతా ఒక్కడు చేశాడా?"

"పూనం మంగలే చేశాడు మేడం," అన్నాడు బుధ్రాం. వంతెనల నిర్వహణ ఐదేళ్లపాటు చూసుకునే కాంట్రాక్టు కంపెనీకి అతను ఇక్కడి మేనేజరు. జగదల్‌పూర్ వాడు. హిందీలో మాట్లాడుతున్నాడు. "కంపెనీ పని కదా, టీం అందరం కలిసి చేశాం. కానీ తిరిగింది మంగలే. మోటారుసైకిల్ మీద రెండేళ్లు. ఒక్క కల్వర్టు కూడా వదల్లేదు."

ఆ మంగల్ మూడు రోజులుగా కనబడటం లేదు. ఆగస్టు తొమ్మిదిన బాసగూడ అవతల వాగు మీదున్న 214 నంబరు వంతెన చూసి వస్తానని వెళ్లాడు. మర్నాడు అతని మోటారుసైకిల్ వాగు అవతలి ఒడ్డున దొరికింది. పోలీసులు వంతెన పక్కన గుడిసెలో ఉండే సన్న అనే రైతును పట్టుకున్నారు. సెన్సారు దొంగిలిస్తుంటే మంగల్ అడ్డుపడ్డాడని, సన్న అతన్ని వాగులోకి తోసేశాడని కేసు. ఈ సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు.

"ఆఖరి రికార్డు చూపించండి."

బుధ్రాం 214 చుక్కను నొక్కాడు. అది పచ్చగా ఉంది. కింద నాలుగు ఫొటోలు. తొమ్మిదో తేదీ, సాయంత్రం 4.52. పరిస్థితి: బాగుంది. నమోదు చేసినవారు: పూనం మంగల్.

"అంటే 4.52 దాకా బతికే ఉన్నాడు."

"అవును మేడం. అతని లాగిన్, అతని ట్యాబ్."

"చుక్క ఎర్రబడితే ఏమవుతుంది?"

"దారి మూసెయ్యాలి. వెంటనే పోలీసులకు, బస్సులవాళ్లకు మెసేజి పోతుంది. మేం వెళ్లి బాగుచెయ్యాలి." బుధ్రాం నవ్వాడు. "ఇంతవరకూ ఒక్కటీ ఎర్రబడలేదు మేడం. అది మా రికార్డు."

"ఎర్ర చేసే హక్కు ఎవరికి?"

"సెన్సారు ఒక పూటంతా వాలే ఉంటే దానంతటదే మారుతుంది. మనిషి చేతితో మార్చాలంటే మంగల్ లాగిన్ ఒక్కటే. రోడ్ల డిపార్టుమెంటు అతనికే ఇచ్చింది. మేం చూడగలం, అంతే."

ఆమె 214 సెన్సారు గీతను తెరమీద పెద్దది చేయించింది. తొమ్మిదో తేదీ మధ్యాహ్నం వరకు అది అలలా ఉంది. పొద్దున ఎక్కడం, సాయంత్రం దిగడం. 2.37 తర్వాత కాసేపు గజిబిజిగా ఊగి, ఆపైన బల్లమీద గీసినట్టు సూటిగా సాగింది.

"ఇక్కడ ఈ అల ఎందుకు ఆగింది?"

"వానలు తగ్గాయి కదా." బుధ్రాం టీ కప్పు ముందుకు జరిపాడు. "పదో తేదీన మాకు కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. పగలు పదకొండూ ఇరవై నుంచి పన్నెండూ ముప్పై ఐదు దాకా తెర ఆరిపోయింది. డేటాలో చిన్నచిన్న తేడాలుంటాయి మేడం. పెద్దగా పట్టించుకోకండి."

వానలు తగ్గలేదు. కిటికీ బయట కురుస్తూనే ఉంది. ఆమె ఆ మాట అనలేదు. గీత కింద రిమార్కుల గడి వైపు చూసింది. నాగరి అక్షరాల్లో ఏదో రాసి ఉంది.

"ఇదేమిటి?"

"అదా, మంగల్‌కు అలవాటు. ప్రతి వంతెన కిందా తన ఇంటి భాషలో ఏవో రాస్తాడు. మాకెవరికీ అర్థం కాదు."

ఉమామహేశ్వరి చదివింది. అక్షరాలు హిందీవి. మాటలు తెలుగువి. బాసగూడ, ఉసూరు వైపు ఇళ్లలో మాట్లాడుకునే సరిహద్దు తెలుగు. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా కప్పు కింద పెట్టింది. చూడటానికి మాత్రమే వీలైన లాగిన్ ఒకటి తన ట్యాబ్‌లోకి ఎక్కించుకుని ఎనిమిదీ నలభైకి బయల్దేరింది.

దారి పొడవునా ఆమె చేసింది ఒకటే పని. మంగల్ రాతలు చదవడం.

'112. దీని కింద నీళ్లు లేవు, గాలి ఉంది. మేకలు పడుకుంటయి. తూముల్లో గడ్డి తియ్యాలె.'

'87. చిన్న కల్వర్టు. బడిపిల్లలు లెక్కపెట్టి దుంకుతరు. అంచు పగిలింది, ముందు ఇది చెయ్యాలె.'

'214. ఎండకు ఒళ్లు విరుచుకుంటది. మధ్యాన్నం రెండున్నరకు మొత్తం చాస్తది, పొద్దుగూకినంక ముడుచుకుంటది. వంతెన ఊపిరి తీస్తది. సెన్సారు గీతల సూడు, తెలుస్తది. ఊపిరి ఆగితే వంతెన బాలేదని కాదు, సెన్సారు వంతెన మీద లేదని.'

ఆఖరి వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. జీపు గుంతలో పడి లేచినా ఆమెకు తెలియలేదు. ఇనుము, కాంక్రీటు ఎండకు సాగుతాయని బడిలో చదువుకుంది. కానీ ఆ సాగడాన్ని రెండేళ్లు కూర్చుని చూసి, దాన్ని ఊపిరి అని పిలిచి, ఊపిరి ఆగితే అర్థమేమిటో కూడా రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడని ఆమె ఊహించలేదు.

పన్నెండూ ఇరవైకి వంతెన చేరారు.

ఎర్రగా, బురదగా, పొర్లుతూ వాగు పోతోంది. వంతెన ఇవతలి మొదట్లో అడ్డంగా ఎవరో పచ్చికొమ్మలు నరికి పడేశారు. ఇద్దరు కానిస్టేబుళ్లు వాటిని లాగి పక్కన వేస్తున్నారు. పోలీసు జీపు ఇంజను ఆన్‌లోనే ఉంది. వెనక సీట్లో బేడీలతో సన్న. జీపు పక్కన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మణ్. కోంటలో పుట్టి పెరిగినవాడు, పేరున్న పోలీసు, ఆ పేరు తనకు బాగా తెలిసినవాడు.

"రండి మేడం. రాయపూర్ నుంచి కంప్యూటర్ తెచ్చుకున్నరా?" అన్నాడు లక్ష్మణ్. "నా కేసు అయిపోయింది. అవతలి ఒడ్డుకు పోయి, మోటారుసైకిల్ ఏడ పెట్టిండో వీనితోని చూపించుకుంట, పంచనామా రాస్త. నాలుగింటికి కోర్టు."

"సాక్ష్యం ఏముంది?"

"వీని ఇంట్ల సెన్సారు డబ్బా దొరికింది. లోపల కంది విత్తనాలు పోసి పెట్టిండ్రు. సెన్సారు అమ్ముకున్నడు, డబ్బా దాచుకున్నడు. ఇంకేం గావాలె?"

"మంగల్ శవం?"

"వాగు చూస్తున్నరు గద. పెద్ద ఏటి దాకా పోతది."

సన్న తల ఎత్తలేదు. వంతెన పక్కన, నరికిన కొమ్మల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పోలీసులు లాగేసిన కొమ్మను మళ్లీ తన ఒళ్లోకి లాక్కుంటోంది. ఆమె సన్న తల్లి హిడ్మే.

"ఈ కొమ్మలు నువ్వే వేశావా అమ్మా?" అంది ఉమామహేశ్వరి తెలుగులో.

హిడ్మే ఆమెను ఎగాదిగా చూసింది. "తెలుగు మాట్లాడుతున్నవ్. ఎవలు నువ్వు బిడ్డా?"

"కిరందుల్. మా నాన్న గనిలో పనిచేశాడు. ఎందుకు వేశావు?"

"వంతెన చప్పుడు మారింది. లారీ ఎక్కితె ఇదివరకు టక్, టక్ అనేది. ఇప్పుడు నడిమిట్ల ధడ్ అంటంది. కింద కాలు ఒకటి జారుతున్నట్టు. మంగల్‌కు చెప్పిన. ఆ పిల్లగాడు నా మాట రాసుకున్నడు."

"ఎప్పుడు?"

"కనబడకుండ పోయిన నాడే. పొద్దు నడినెత్తి మీదికెళ్లి జరిగినంక."

"తర్వాత?"

"తెల్ల బండి వచ్చింది. ఇద్దరు దిగిండ్రు. కమ్మీకున్న ఇనుప గూట్లకెళ్లి డబ్బా ఊడదీసిండ్రు. లోపలి సామాను జేబుల పెట్టుకున్నరు, డబ్బా ఇసిరేసిండ్రు. మంగల్ వద్దని కొట్లాడిండు. ఆయన్ను బండ్ల ఏసుకొని పోయిండ్రు. ఒకడు మోటారుసైకిల్ అవతలికి నెట్టుకపోయిండు. డబ్బాకు మూత గట్టిగుంది, తడవదని ఇత్తనాలు పోసుకున్న."

ఉమామహేశ్వరి లక్ష్మణ్ వైపు తిరిగింది. "ఈమె వాంగ్మూలం తీసుకున్నారా?"

"కొడుకును కాపాడుకోను తల్లి ఏమైన చెప్తది మేడం."

"తీసుకున్నారా, లేదా?"

"నేను పోలీసోళ్లకు చెప్పిన," అంది హిడ్మే. "ఎవడిన్నడు?"

లక్ష్మణ్ ముఖం ఎర్రబడింది. "చలో, బండి తియ్యండి!" అని అరిచాడు డ్రైవరు మీద.

"పది నిమిషాలు ఆగండి," అంది ఉమామహేశ్వరి. "నేను ఆ గూడు చూడాలి."

"ఖాళీ గూట్ల ఏంది చూసేది?"

"ఖాళీనా కాదా అని."

ఆమె ఒక్కతే వంతెన మీదికి నడిచింది. మూడో పిల్లరు పైన, కమ్మీకి వేలాడేసిన ఇనుప గూడు. తాళం విరిగి ఉంది. తలుపు తెరిచింది. లోపల నాలుగు బోల్టుల గుర్తులు తళతళలాడుతున్నాయి. చుట్టూ తుప్పు, నడుమ కొత్త మెరుపు. సెన్సారు లేదు.

ట్యాబ్ తెరిచింది. 214. పచ్చచుక్క. సెన్సారు పనిచేస్తోంది. ఆఖరి సంకేతం: పంతొమ్మిది సెకన్ల క్రితం.

ఆమె ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఖాళీ గూడు ముందు నిలబడి ఉంది. ఆ గూట్లో లేని వస్తువు, తాను క్షేమంగా ఉన్నానని ప్రపంచానికి చెబుతోంది. ఆమె చూస్తుండగానే అంకె మారింది. మూడు సెకన్ల క్రితం.

"లక్ష్మణ్ గారూ! ఇలా రండి. బండి అక్కడే ఉంచి, మీరొక్కరే."

అతను విసుగ్గా వచ్చాడు. గూడు చూశాడు. "చెప్పిన గద. దొంగతనం."

"దొంగిలించి ఏం చేశాడు?"

"అమ్మిండు."

"ఎవరికి? కొన్నవాడు దాన్ని ఆన్ చేసి పెట్టుకున్నాడా?" ట్యాబ్ అతని చేతిలో పెట్టింది. "ఇది మూడు రోజులుగా ఒక్క నిమిషం కూడా ఆగకుండా మాట్లాడుతోంది. సెన్సారు తన చుట్టూ ఎంత వేడి ఉందో కూడా చెబుతుంది. ఇప్పుడు ఇక్కడ ఎంతుంటుంది?"

లక్ష్మణ్ మెడ తుడుచుకున్నాడు. "ముప్పై రెండు, ముప్పై మూడు."

"పక్క వంతెన సెన్సారు ముప్పై రెండున్నర అంటోంది. ఇదెంత అంటోందో చదవండి."

అతను చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఇరవై నాలుగు."

"తొమ్మిదో తేదీ మధ్యాహ్నం 2.37కి ముప్పై నాలుగు. రాత్రికల్లా ఇరవై నాలుగు. అప్పటి నుంచి పగలూ రాత్రీ ఇరవై నాలుగు. సన్న గుడిసెలో ఏసీ ఉందా లక్ష్మణ్ గారూ?"

అతను ట్యాబ్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు.

"ఒకే ఒక్కసారి పెరిగింది. పదో తేదీ 11.20కి మొదలై ముప్పై దాకా ఎక్కింది. 12.35 తర్వాత మళ్లీ దిగింది. ఆ గంటంబావు ఎక్కడ కరెంటు పోయిందో ఈ పొద్దున ఒకాయన టీ ఇస్తూ నాకు తనంతట తానే చెప్పాడు."

"ఎవరు?"

"బుధ్రాం. ఈ సెన్సారు గీదంలో, కంపెనీ ఆఫీసులో ఉంది. వంతెన వాలుతోందని మంగల్ కనిపెట్టాడు. ఎర్ర చెయ్యబోయాడు. చేస్తే దారి మూసి బాగుచెయ్యాలి, వాళ్ల రికార్డు పోతుంది. అందుకని వాలని చోటికి సెన్సారును తీసుకుపోయారు. సాయంత్రం 4.52కి అతని ట్యాబ్‌తో పాత ఫొటోలు ఎక్కించారు."

"అంతా కాయితం లెక్క," అన్నాడు లక్ష్మణ్, కానీ గొంతులో పదును తగ్గింది. "వంతెన నిటారుగనే ఉంది. ఇట్ల నిలబడి మాట్లాడుతున్నం గద."

ఉమామహేశ్వరి సంచిలోంచి దారపు ఉండ తీసింది. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకున్నట్టు, ఒక చివర రాయి కట్టి, కమ్మీ మీది నుంచి పిల్లరు పక్కగా కిందికి వదిలింది. దారానికీ పిల్లరు అంచుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. గడియారం చూసుకుంది. 12.46.

ఇద్దరూ కమ్మీ పట్టుకుని వంగి చూస్తూ నిలబడ్డారు. కింద నీళ్లు పిల్లరు మొదట్లో సుడి తిరుగుతూ, ఇసుకను తవ్వుకుంటూ పోతున్నాయి. ఆమె అరచేయి కమ్మీ మీద ఆనించింది. పెద్ద యంత్రం నడిచేటప్పుడు నేలలోంచి వచ్చేలాంటి సన్నటి వణుకు.

12.50. నాలుగు వేళ్లే.

12.54. ఐదు.

12.57. ఆరు వేళ్లు పట్టాయి.

లక్ష్మణ్ మెల్లగా తల ఎత్తాడు. అతని పెదాలు తెల్లబడ్డాయి. "మేడం," అన్నాడు గుసగుసగా, గట్టిగా మాట్లాడితే వంతెన వింటుందేమో అన్నట్టు. "నడవండి. ఉరకొద్దు. నడవండి."

ఒడ్డుకు చేరగానే అతనే కానిస్టేబుళ్ల మీద అరిచాడు. "జీపు వెనకకు తియ్! కొమ్మలు మళ్ల అడ్డం ఎయ్యండి! ఎవ్వర్ని ఎక్కనియ్యొద్దు!" అవతలి ఒడ్డున ఒక ట్రాక్టరు ఆగి ఉంది. సంతకు పోయే జనం దాని నిండా ఉన్నారు. లక్ష్మణ్ టోపీ తీసి గాలిలో ఊపుతూ, తెలుగులో, గోండిలో, హిందీలో, వచ్చిన భాషలన్నిటిలో వెనక్కి పొమ్మని కేకలు పెట్టాడు. హిడ్మే లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపింది. ట్రాక్టరు వెనక్కి కదిలింది.

1.04కి మూడో పిల్లరు ఒక్క అడుగు కిందికి దిగింది.

ముందు చప్పుడు రాలేదు. దాని మీది శ్లాబు నిదానంగా, నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు వాలింది. తర్వాత నేల అదిరింది. ఎర్రటి నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు లేచి ఒడ్డు మీద అందరినీ తడిపేశాయి. నీళ్లు దిగేసరికి వంతెన నడుమ నలభై అడుగుల ఆకాశం కనబడింది.

జీపులో సన్న బేడీల చేతులు నుదుటికి ఆనించుకున్నాడు. ఉమామహేశ్వరి తడిసిన ట్యాబ్‌ను చీరకొంగుతో తుడిచి చూసింది. 214. పచ్చచుక్క. పరిస్థితి: బాగుంది. ఆఖరి సంకేతం: పదకొండు సెకన్ల క్రితం.

దాన్ని లక్ష్మణ్‌కు చూపించింది. అతను తెరనూ, వాగునూ మార్చి మార్చి చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి, జీపు దగ్గరికి వెళ్లి, సన్న బేడీలు తనే విప్పాడు. సన్న దిగి తల్లి దగ్గరికి నడిచాడు.

"ఇదొక్కటేనా మేడం?" అన్నాడు లక్ష్మణ్ తిరిగొచ్చి.

ఆమె ట్యాబ్‌లో పటం మొత్తం తెరిచింది. నలభై ఆరు సెన్సార్లనూ వేడిని బట్టి వరుసగా పేర్చింది. పైన ముప్పై రెండ్లు, ముప్పై ఒకట్లు. కిందికి జరుపుతూ పోయింది. అడుగున, ఒకదాని కింద ఒకటి, ఇరవై నాలుగులు మొదలయ్యాయి. లెక్కపెట్టింది.

పదకొండు.

పదకొండు గీతల్లోనూ ఊపిరి లేదు. పదకొండూ పదో తేదీన ఒకే గంటలో వేడెక్కి, ఒకే గంటలో చల్లబడ్డాయి. పదకొండు వంతెనలు ఎవరూ చూడకుండా ఈ వానలో నిలబడి ఉన్నాయి. వాటన్నిటి మీదా బస్సులు నడుస్తున్నాయి.

జాబితాలో 171 దగ్గర ఒక చిన్న గుర్తు మెరిసింది. రిమార్కు మార్చబడింది. ఈరోజు, మధ్యాహ్నం 12.31. మార్చినవారు: పూనం మంగల్.

గడి తెరిచింది. నాగరి అక్షరాలు. సరిహద్దు తెలుగు.

'171. ఇది వంతెన ముచ్చట కాదు. ఇక్కడ చల్లగుంది. కిటికీ లేదు. పదకొండు సెన్సార్లు అల్మరాల వరుసగున్నయి. గోడకు అవతల పెద్ద తెర ఉంది, బుధ్రాం గొంతు ఇనబడ్తంది. రికార్డు దిద్దమని కాసేపు ట్యాబ్ ఇచ్చిండ్రు, ఎర్ర చేస్తే ఆయనకు ఆ తెర మీద కనబడ్తది. పొద్దున ఎవరో ఆడమనిషి వచ్చి 214 ఊపిరి ఎందుకు ఆగిందని అడిగింది. ఆమెకు తెలుగొస్తే ఇది సదువుతది.'

ఉమామహేశ్వరి చదివి, లక్ష్మణ్‌కు వినిపించింది. పొద్దున గోడకు ఇటు తాను కూర్చుంది. అటు అతను. టీ తాగి, కప్పు కింద పెట్టి, లేచి వచ్చేసింది.

"బతికున్నడు," అన్నాడు లక్ష్మణ్. అప్పటికే జీపులో వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. "గీదం, గీదం! కంపెనీ ఆఫీసు చుట్టుముట్టండి. పెద్ద తెర ఉన్న గది వెనక ఇంకో గదుంది. లోపల మనిషున్నడు. జల్దీ!"

ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు లక్ష్మణ్ జీపు చుట్టూ తిరిగాడు. 1.36కి జవాబు వచ్చింది. బుధ్రాం దొరికాడు. వెనక గది దొరికింది. అల్మరాలో పదకొండు సెన్సార్లు, నేల మీద ఒక చాప, సగం తిన్న అన్నం. మనిషి లేడు.

"బుధ్రాంకు ఇవ్వండి సెట్టు," అంది ఉమామహేశ్వరి.

గరగరమని ఒక చప్పుడు, ఆ తర్వాత బుధ్రాం గొంతు. పొద్దుటి నవ్వు అందులో లేదు.

"మంగల్ ఎక్కడ?"

"పంపించేశాను మేడం. 214 పడిన పది పన్నెండు నిమిషాలకే నాకు ఫోను వచ్చింది. మంగల్‌ను బండిలో ఎక్కించి, ట్యాబ్ చేతికిచ్చాను. దారిలో రికార్డు మార్పించమని డ్రైవరుకు చెప్పాను. వంతెన నిన్ననే ఎర్రబడినట్టు."

"ఏ దారిన పంపావు?"

లక్ష్మణ్ సెట్టు శబ్దం పెంచాడు.

"బుధ్రాం! ఏ దారిన?"

"హైవే మీద పోలీసులుంటారని అడవి దారిన పొమ్మన్నాను. 171 మీదుగా. అప్పుడు నాకు తోచలేదు మేడం. డ్రైవరుకు ఆ పదకొండు సంగతి తెలియదు. తెర మీద పచ్చగా ఉంటే దాటేస్తాడు. ఫోను కలవడం లేదు. 171 మన 214 కంటే అధ్వాన్నం మేడం."

కంపెనీ బళ్లు కూడా ఆ పటంలో ఉంటాయి. ఉమామహేశ్వరి నీలిచుక్క వెతికి పట్టుకుంది. అడవి దారిలో, 171కి ఆరు కిలోమీటర్ల దూరంలో, నిలకడగా కదులుతోంది. ఇక్కడి నుంచి ఎంత వేగంగా వెళ్లినా మూడు గంటలు; గీదం నుంచి ఇప్పుడు బయల్దేరినా అందుకోలేరు. ఎర్ర చేసే హక్కు ఆమెకు లేదు. ఉన్నది ఒక్కడికే. అతను ఆ చుక్కలో ఉన్నాడు.

లక్ష్మణ్ ఆమె భుజం మీది నుంచి వంగి చూస్తున్నాడు. హిడ్మే, సన్న కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

1.41కి పటంలో ఎక్కడో పైన, 38 నంబరు పచ్చచుక్క ఎర్రబడింది.

"ఏంది అది?" అన్నాడు లక్ష్మణ్.

ఆమె జవాబు చెప్పేలోపు 52 ఎర్రబడింది. తర్వాత 90. తర్వాత 103. మార్చినవారు: పూనం మంగల్. మార్చినవారు: పూనం మంగల్. కదిలే బండిలో, పక్కన మనిషి చూస్తుండగా, రికార్డు దిద్దుతున్నట్టు నటిస్తూ అతను ఒక్కొక్క వంతెననూ మూసేస్తున్నాడు. లక్ష్మణ్ జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. దారి మూయండి, దారి మూయండి అంటూ మెసేజి మీద మెసేజి. వైర్‌లెస్‌లో ఒక్కో స్టేషనూ లేచింది. ఒకచోట బస్సు ఆపేశామని చెప్పారు. ఇంకోచోట రెండు బస్సులు. దక్షిణ బస్తర్ అంతటా మనుషులు వంతెనల ముందు నిలబడి చేతులు అడ్డం పెడుతున్నారు. అదంతా ఒక్కడి వేలికొస నుంచి జరుగుతోంది. ఉమామహేశ్వరి చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగినట్టు తర్వాతెప్పుడో గాని ఆమెకు తెలియలేదు.

"జనం ఎక్కువ తిరిగేవి ముందు చేస్తున్నడు," అన్నాడు లక్ష్మణ్. ఆ దారులన్నీ అతనికి కొట్టినపిండి. "బస్సు దార్లు అయినంక, బండ్ల దార్లు."

145. 188. 203. 214. ఎనిమిదయ్యాయి. తొమ్మిది. పది.

171 ఇంకా పచ్చగానే ఉంది.

నీలిచుక్క దాని పక్కకు వచ్చింది. ఆమె ఊపిరి బిగపట్టింది. ఒక క్షణం రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి నిలిచాయి.

తర్వాత నీలిచుక్క పటంలోంచి మాయమైంది.

"పడిందా?" అన్నాడు లక్ష్మణ్. "లేకుంటే ట్యాబ్ గుంజుకొని పగలగొట్టిండ్రా? మేడం, ఏమైంది?"

ఆమె 171 గడి మళ్లీ తెరిచింది. 12.31 రిమార్కు కింద కొత్త వరుస ఒకటి చేరి ఉంది. 1.49. సగంలో ఆగిపోయిన వాక్యం.

'డ్రైవరు ఒక్కడు కాదు, ఎనక సీట్ల కూసున్నది మన పోలీ'